కంటి చూపు, కణం సాక్ష్యం

జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలో పొద్దున, మాపటికి పాల కేంద్రానికి డబ్బాలు చేరే ఏ ఊళ్ళోనైనా ఈ వాదన ఏదో ఒక రూపంలో వినపడుతుంది. ఒకవైపు బర్రెలు, గొర్లు సాకుతూ తల నెరిసిన రైతు. ఇంకోవైపు పక్కనే ఉన్న కోరుట్ల పశువైద్య కళాశాలలో చదివి, రక్తమూ పాలూ పరీక్షించే పనిలో ఉన్న అతని తమ్ముని బిడ్డ. పశువు ఒంట్లోని కణాలు ఎంజైములు, ప్రొటీన్లు, హార్మోన్లు, ప్రతిరక్షకాల రూపంలో విడిచే జాడలను బయోమార్కర్లు అంటున్నారు. వాటితో జబ్బును ముందే పట్టవచ్చునని, పట్టాలని ఆమె అంటుంది. ఆ పైసలు మేతకూ డాక్టర్లకూ పెడితే పశువుకు ఎక్కువ మేలని ఆయన అంటాడు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది కాబట్టి ఇద్దరినీ వినాలి.

పెద్దబాపు: మళ్ళ సీసలు పట్టుకొని కొట్టంలకు వచ్చినవా బిడ్డా! పసువుకు బాగలేకపోతె నాకు ఎరుకైతది. నెమరు ఆగుతది, చెవులు వాలుతయి, ముట్టె ఆరుతది, పెండ మారుతది, పాలు తగ్గుతయి. గింత తెలిసినంక రక్తం గుంజి పట్నం పంపుడు ఎందుకు?

బిడ్డ: ఆ గుర్తులన్నీ నిజమే పెద్దబాపూ. కాని అవి జబ్బు ముదిరినంక కనపడేవి. దానికంటే ముందు కణాలకు తెలుస్తది. ఆవు కార్జం హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ తయారు చేస్తది. ఆరోగ్యంగా ఉన్న ఆవు రక్తంలో అది దాదాపు ఉండదు. ఒంట్లో ఎక్కడన్నా వాపో చీమో మొదలైతే ఒకటి రెండు రోజుల్లోనే వంద రెట్లు దాటి పెరుగుతది.

పెద్దబాపు: వాపు ఎక్కడున్నదో చెప్తదా?

బిడ్డ: చెప్పదు. గర్భసంచిలోనా, ఊపిరితిత్తుల్లోనా, గిట్టల్లోనా అన్నది మనమే వెతకాలె.

పెద్దబాపు: ఏదో ఉన్నదని చెప్పేదానికి పైసలెందుకు? ఏదో ఉన్నదని నా మనసుకూ తోస్తది. ఎక్కడున్నదో చెప్పేది చూపియ్యి, వింట.

బిడ్డ: అయితే నీ ముర్రా బర్రె పొదుగు దగ్గరికే రా. ఈ పళ్ళానికి నాలుగు గుంటలున్నయి, నాలుగు చన్లకు నాలుగు. ఒక్కో చన్ను నుంచి రెండు ధారలు పిండిన. పాలు ఎట్లున్నయి?

పెద్దబాపు: తెల్లగ, మంచిగున్నయి. గడ్డలు లేవు, నెత్తురు లేదు.

బిడ్డ: ఇప్పుడు ఈ ఊదారంగు మందు పాలంత కొలతలో పోసి పళ్ళాన్ని మెల్లగ తిప్పుతున్న. మూడు గుంటల్లో పాలు పలుచగనే తిరుగుతున్నయి. వెనక కుడి చన్ను గుంటలో చూడు.

పెద్దబాపు: గంజి లెక్క చిక్కబడ్డది. పళ్ళెం తిప్పినా నడుమనే ముద్ద కడ్తంది.

బిడ్డ: ఆ చన్నులోకి సూక్ష్మజీవులు దూరినయి. వాటి మీద పోరాడటానికి తెల్ల రక్తకణాలు పాలలోకి దిగినయి. ఈ మందు సబ్బు జాతిది. కణం పొరను పగలగొడ్తది. లోపలి డీఎన్ఏ బయటపడి తీగలు తీగలుగా అల్లుకుంటది, అదే ఈ జిగురు. ఆవు పాలలో మిల్లీలీటరుకు రెండు లక్షల కణాలు దాటితే పొదుగువాపు లోపల మొదలైనట్టు లెక్క కడతరు. పాలు తెల్లగనే ఉంటయి, పొదుగు మెత్తగనే ఉంటది, దిగుబడి మాత్రం పడిపోతది. ఈ పరీక్షను 1957లో కాలిఫోర్నియాలో కనిపెట్టిండ్రు. ఆ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తరు. పోయిన వారం పాల కేంద్రంలో ఎస్.ఎన్.ఎఫ్., అంటే పాలలో కొవ్వు కాని గట్టి పదార్థం, తక్కువ వచ్చిందని గొడవ పెట్టుకున్నవట కదా. అది మిషన్ తప్పు కాకపోవచ్చు, ఈ వాపు వల్ల కావచ్చు.

పెద్దబాపు: సరే, వెనక కుడి చన్ను. ఇగ సూది ఏస్తవా?

బిడ్డ: ఇప్పుడే వద్దు. యాంటీబయాటిక్ వేస్తే మందు ఒంట్లోంచి పోయేదాక ఆ పాలు పొయ్యరాదు. ముందు ఆ చన్నును ఆఖరికి పిండు. పిండినంక అయోడిన్ నీళ్ళలో చన్లు ముంచు. పిండిన వెంటనే బర్రెను పండనియ్యకు, చన్ను రంధ్రం మూసుకునేదాక మేతేసి నిలబెట్టు. పాలను కల్చర్‌కు పంపి ఏ సూక్ష్మజీవి ఉన్నదో తెలిసినంక మందు నిర్ణయిద్దం.

పెద్దబాపు: గీ ఊదా మందు మాకు ఏడ దొరుకుతది?

బిడ్డ: దొరకకపోతే సర్ఫు చాలు. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ పశువైద్యులు మూడు శాతం సర్ఫు నీళ్ళతోనే ఇదే పరీక్ష చెయ్యచ్చని చూపించిండ్రు. పాలంత సర్ఫు నీళ్ళు కలిపి తిప్పితే, వాపున్న పాలు చిక్కబడతయి. కణం సాక్ష్యం చెప్పడానికి ప్రతిసారీ పెద్ద ల్యాబ్ అక్కరలేదు.

పెద్దబాపు: గిది బాగున్నది. కొట్టంలనే అయితది, జవాబు నా కండ్ల ముందటే వస్తది. కాని దీంతోని అన్నిటికీ పరీక్షలే దిక్కని ఒప్పుకోను. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరి 2015ల మూతపడ్డది. చెరుకు తగ్గింది, చెరుకాకు మేత తగ్గింది. ఇప్పుడు ఏడ చూసినా వరి. మిషన్ కోత వచ్చినంక ఆ గడ్డి సుత శానమంది మళ్ళనే కాలవెడ్తున్నరు. బర్రె చిక్కిపోతంది అంటె కారణం రక్తంల వెతుకుతరా? గాడిల చూస్తె కనపడ్తలేదా?

బిడ్డ: గాడిలో వరిగడ్డి ఉన్నదని కనపడ్తది. దాంట్లో ఏం తక్కువైందో కనపడదు. ఎర్రమూత్రం సంగతి గుర్తు చేసుకో. ఈనిన రెండు మూడు వారాలకు మంచి పాలిచ్చే బర్రె ఉన్నట్టుండి కాఫీ రంగు మూత్రం పోస్తది. ఏమనుకుంటవ్?

పెద్దబాపు: పిడుదులు పట్టినయి, నెత్తురు చెడ్డది అనుకుంట.

బిడ్డ: పిడుదులతో వచ్చే బబీసియా అయితే అంతే. ఆ పరాన్నజీవి ఎర్ర రక్తకణంలోకి దూరి పెరిగి దాన్ని పగలగొడ్తది. చెవి అంచు నుంచి ఒక చుక్క రక్తం గాజు పలక మీద పూసి చూస్తే కణంలో జంటగా కనపడ్తది. దానికి డైమినజీన్ సూది. కాని వరిగడ్డి మీదనే బతికే బర్రెకు ఇంకో కారణం ఉంటది. గడ్డిలో భాస్వరం తక్కువ. ఈనినంక పాలలో భాస్వరం రోజూ పోతనే ఉంటది. రక్తకణం పొర నిలబడాలంటే శక్తి కావాలె, ఆ శక్తినిచ్చే ఏటీపీ తయారు కావాలంటే భాస్వరం కావాలె. అది పడిపోతే ఏ పురుగూ లేకుండానే కణాలు పగులుతయి. మూత్రం అదే రంగు, పసువు అదే నీరసం. మందు మాత్రం భాస్వరం ఎక్కించుడు. మొదటి సూది ఎంత మంచిదైనా ఈ బర్రెను బతికించదు.

పెద్దబాపు: పురుగైతె జరం ఉంటది. చెవి పట్టుకుంటె తెలుస్తది. భాస్వరం తక్కువైతె జరం ఉండదు. దీనికి మిషన్ ఎందుకు?

బిడ్డ: మొదటి రోజు చూస్తే నువ్వు చెప్పినట్టే చాలాసార్లు తెలుస్తది. మూడో రోజు చూస్తే? అప్పటికే ఎవరో జ్వరం తగ్గే సూది వేసి పోయి ఉంటరు. ఒళ్ళు చల్లబడి ఉంటది.

పెద్దబాపు: అప్పుడు చెయ్యి మోసపోతది. ఒప్పుకుంట. అందుకే మూడో రోజున డాక్టర్ వచ్చుడు సుత నేను ఒప్పుకోను. మొదటి రోజే వస్తె నీ పరీక్ష అక్కర రాకపోవు. 1962 నంబరుకు ఫోన్ చేస్తె పశువైద్య బండి వస్తది నిజమే, ఒక్క బండి ఎన్ని ఊర్లు తిరుగుతది? ముందు మనుషులను పెంచుమని అంటున్న.

బిడ్డ: మనుషులను పెంచాల్సిందే. నేను దానికి అడ్డం లేను. కాని ఎంతమంది డాక్టర్లు వచ్చినా కంటికి కనపడని జబ్బు ఒకటున్నది. నిరుడు మీ వాడకట్టులో ఆరో నెల దాటినంక ఆవు ఈసుకపోయింది. దూడను, మాయను ఎవరు తీసిండ్రు?

పెద్దబాపు: ఇంటోళ్ళే. చేతులతోని తీసి పెంటకుప్పల ఏసిండ్రు.

బిడ్డ: అది బ్రుసెల్లా కావచ్చు. అది కణం బయట ఉండదు, మనల్ని కాపాడాల్సిన తెల్ల కణం లోపలనే దాక్కుంటది. అందుకే యాంటీబయాటిక్‌తో పసువులో పూర్తిగా పోదు. చూడి పసువు మాయలోకి చేరి కోట్లలో పెరుగుతది. ఒకసారి ఈసుకపోయిన ఆవు మరుసటి ఈతకు మంచిగనే ఈనుతది, నిగనిగలాడుతది, కాని ఈనినప్పుడల్లా, పాలలోనూ, సూక్ష్మజీవులను విడుస్తనే ఉంటది. మాయను ఉత్త చేతులతో తీసిన మనిషికి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ళనొప్పులు, నడుమునొప్పి. మలేరియా అని కొన్నాళ్ళు, టైఫాయిడ్ అని కొన్నాళ్ళు మందులు మింగుతరు. నీ కండ్లు ఆ ఆవును చూసి ఏం చెప్తయి?

పెద్దబాపు: మంచి ఆవు అనే చెప్తయి.

బిడ్డ: మాల్టా దీవిలోనూ అట్లనే చెప్పినయి. అక్కడ ఇంగ్లీషు సిపాయిలకు ఏళ్ళ తరబడి ఈ జ్వరం వచ్చేది. 1887లో డేవిడ్ బ్రూస్ సూక్ష్మజీవిని పట్టిండు. అది ఎక్కడి నుంచి వస్తున్నదో దొరకలేదు. 1905లో తెమిస్తోక్లిస్ జామిట్ అనే అక్కడి డాక్టర్ ఏ జబ్బూ లేనట్టు కనపడే మేకల రక్తం పరీక్షించి, వాటిల్లోనే జాడ ఉన్నదని తేల్చిండు. మరుసటి ఏడు సిపాయిలకు మేకపాలు ఆపినంక జ్వరం తగ్గిపోయింది. మేకలను చూసుకుంట కూర్చుంటే ఎన్నటికీ తెలిసేది కాదు.

పెద్దబాపు: ఇగ నా మాట విను. రేపు నువ్వు ఊర్లకు వచ్చి రక్తం తీసి, గీ ఆవుకు ఈసుడు రోగం ఉన్నదని కాగితం ఇస్తవ్. మందు లేదంటవ్. ఆ రైతు ఏం చేస్తడు? ఆ ఆవుకు పెట్టిన పైసలు దుబాయిల కొడుకు చెమటోడ్చి పంపినయి. వచ్చే వారం అంగట్ల అమ్ముకుంటడు. కొన్నోడు దాన్ని ఇంకో ఊరికి తోలుకపోతడు. నీ పరీక్ష రోగాన్ని ఆపిందా, ఊరూరికీ తోలిందా?

బిడ్డ: అంటురోగం ఉన్న పసువును అంగడికి తేవద్దని 2009లోనే కేంద్ర చట్టం వచ్చింది.

పెద్దబాపు: చట్టం నేను కాదనను. అప్పు తీర్చేటోడికి చట్టం అడ్డం వస్తదా? నష్టపరిహారం చేతిల పెట్టకుంట రోగం పేరు చెప్పుడు ఆ రైతును దొంగను చేసుడు. అడుగుత, జవాబు చెప్పు.

బిడ్డ: దీనికి నా దగ్గర ఎదురు మాట లేదు. పరిహారం లేకుండా ఒక్కో పసువుకూ పరీక్ష పెడితే నువ్వన్నదే జరుగుతది. ఇంకో చిక్కు కూడా నేనే చెప్త. వెయ్యి పసువులున్నయి, పదింటికే జబ్బు ఉన్నది అనుకో. పరీక్ష నూటికి తొంభై అయిదు సార్లు నిజం చెప్తది అనుకో. జబ్బున్న పదిలో తొమ్మిదో పదో పట్టుకుంటది. మిగిలిన తొమ్మిది వందల తొంభైలో నూటికి అయిదు, అంటే యాభై దాక, మంచి పసువులకు కూడా జబ్బు ఉన్నదని చెప్తది.

పెద్దబాపు: అంటె అరవై కాగితాల్ల యాభై అబద్ధమా?

బిడ్డ: అవును. జబ్బు అరుదుగా ఉన్నకొద్దీ ఒక్క పరీక్ష మీద ఆధారపడితే ఇదే జరుగుతది. అందుకే బ్రుసెల్లాకు చేసే రోజ్ బెంగాల్ రక్త పరీక్షలో గులాబీ చుక్క గడ్డకట్టినా అక్కడ ఆగరు, ఎలైసా అనే ఇంకో పరీక్షతో మళ్ళీ చూస్తరు. ఒక్క పరీక్ష పట్టుకొని రైతు గుమ్మం తొక్కినోడు తప్పు చేసినట్టే.

పెద్దబాపు: మరి ఏం చేద్దమంటవ్?

బిడ్డ: పసువును కాదు, ఊరి పాలను అడుగుదం. పాల కేంద్రంలో అందరి పాలు కలిసిన డబ్బా ఉంటది. దాంట్లోంచి కొంచెం సన్నని గాజు గొట్టంలో పోసి, నీలిరంగు అద్దిన చచ్చిన బ్రుసెల్లా ఒక చుక్క కలుపుతం. ఒంటి వేడి దగ్గర గంటసేపు ఉంచితే మీగడ పైకి తేలుతది. పాలలో ప్రతిరక్షకాలు ఉంటే అవి నీలి సూక్ష్మజీవులను పట్టుకొని మీగడతో పాటు పైకి లాక్కుపోతయి. పైన నీలి ఉంగరం ఏర్పడ్తది. లేకపోతే మీగడ తెల్లగ, కింది పాలు నీలంగా ఉంటయి. పొదుగువాపు పాలు, జున్నుపాలు కలిస్తే తప్పుగా కూడా చూపించచ్చు కాబట్టి మళ్ళీ మళ్ళీ చెయ్యాలె. ఏ రైతు పేరూ బయటికి రాదు. ఉంగరం కనపడ్డ ఊర్లో నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలన్నిటికీ టీకా పడ్డదా లేదా చూస్తం, మాయను చేతి తొడుగులతో తీసి సున్నం చల్లి లోతుగా పూడ్చాలని చెప్తం, పాలు కాచే తాగాలని చెప్తం.

పెద్దబాపు: గిది వేరే. ఎవని ఆవు మీద ముద్ర పడదు, ఊరంత జాగ్రత్త పడ్తది. గొర్లకు సుత గిట్లనే అయితదా?

బిడ్డ: కాదు, గొర్రె, మేక పాలకు ఈ ఉంగరం పరీక్ష సరిగ్గా పనిచెయ్యదు. వాటికి రక్తమే చూడాలె.

పెద్దబాపు: టీకాలన్నవ్. ప్రతి ఏడు గాలికుంటు టీకాలు ఏస్తున్నరు. మళ్ళ రక్తం తీసుకపోతున్నరు. టీకా ఏసినంక రక్తంల ఆ ప్రతిరక్షకాలు ఉండనే ఉంటయి కదా, ఇగ ఏం చూస్తరు?

బిడ్డ: మంచి ప్రశ్న. టీకాలో చంపి శుద్ధి చేసిన వైరసు పెంకు ప్రొటీన్లే ఉంటయి. నిజమైన వైరసు ఒంటి కణంలో దూరి పిల్లలు పెట్టేటప్పుడు మాత్రమే ఇంకొన్ని ప్రొటీన్లు తయారైతయి. వాటి మీద ప్రతిరక్షకాలు కనపడితే ఆ పసువుకు రోగం తగిలినట్టు. కనపడకపోతే అది టీకా బలమే. 2019లో మొదలైన దేశవ్యాప్త గాలికుంటు కార్యక్రమం గెలుస్తున్నదా లేదా అన్నది ఈ తేడా మీదనే తెలుస్తది. ముసర రోగం పోయిందని ఎట్ల తేల్చిండ్రు అనుకున్నవ్?

పెద్దబాపు: మా నాయన చెప్పేటోడు, ముసర వస్తె వాడలకు వాడలు కొట్టాలు ఖాళీ అయ్యేవట.

బిడ్డ: మన దేశంలో ఆఖరిసారి 1995లో కనపడ్డది. కనపడకపోతే పోయినట్టు కాదు కదా. టీకాలు ఆపి, ఆ తర్వాత పుట్టిన పసువుల రక్తంలో ప్రతిరక్షకాలు వెతికిండ్రు. టీకా పడలేదు, ప్రతిరక్షకం లేదు, అంటే వైరసు తిరుగుతలేదు. ఆ సాక్ష్యం మీద 2006లో మన దేశానికి ముసర లేని దేశమని గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించిండ్రు. రోగం లేదని రుజువు చెయ్యడం ఏ కంటికీ సాధ్యం కాదు.

పెద్దబాపు: గది పెద్ద పనే. సర్కారు చేసేది, సర్కారే పైసలు పెట్టేది. నా గొర్ల మందకు ఏం చెప్తవ్? ఇగో, ఈ గొర్రె కింది రెప్ప బొటనవేలితోని కిందికి గుంజిన. లోపల తెల్లగున్నది. దీని కడుపుల పురుగులు రక్తం తాగుతున్నయి. పక్కదాని రెప్ప ఎర్రగున్నది, దానికి మందు అక్కరలేదు. ఏ ల్యాబ్ చెప్పింది నాకు?

బిడ్డ: పెద్దబాపూ, దక్షిణాఫ్రికాలో పశువైద్యులు ఇదే చూపును అయిదు రంగుల కార్డుగా చేసిండ్రు. ఫమాచా అంటరు. ఎరుపు నుంచి తెలుపు దాక అయిదు మెట్లు. ఆ రంగును రక్తంలోని ఎర్రకణాల పాలుతో కొలిచి సరిచూసినంకనే కార్డు అచ్చేసిండ్రు. కడుపులో ఉండే హీమాంకస్ పురుగు ఒక్కటి రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. మందంతటికీ మందు తాగిస్తే మందుకు లొంగని పురుగులు పెరుగుతయి. తెల్లరెప్ప ఉన్నవాటికే ఇస్తే మందు ఎక్కువ కాలం పనిచేస్తది.

పెద్దబాపు: అంటె నా బొటనవేలే మార్కర్ అయితంది కదా!

బిడ్డ: అయితది. కాని ఒక హద్దున్నది. కార్జంలో జలగలు దూరితే, తొలినాళ్ళలో రెప్ప ఎర్రగనే ఉంటది. అప్పుడు కార్జం కణాలు పగిలి రక్తంలోకి జీఎల్‌డీహెచ్ అనే ఎంజైము కారుతది, తర్వాత పిత్తనాళాలు చెడితే జీజీటీ అనే ఇంకో ఎంజైము పెరుగుతది. రెప్ప చెప్పలేనిది ఆ ఎంజైములు చెప్తయి.

పెద్దబాపు: ఆ ఎంజైము ఎంతుంటె మంచిది, ఎంతుంటె చెడ్డది అన్నది ఎవరు చెప్పిండ్రు? ఎవని గొర్రెను చూసి చెప్పిండ్రు?

బిడ్డ: అక్కడ నువ్వు మా బలహీనత మీద వేలు పెట్టినవ్. మా పుస్తకాల్లో ఉన్న హద్దులు ఎక్కువభాగం యూరపు, అమెరికా పసువుల రక్తంతో కట్టినవి. దక్కని నల్లగొర్రెకు, వరిగడ్డి తినే మన బర్రెకు, మే నెల ఎండలో నడిచొచ్చిన జీవానికి అవే హద్దులు పెడితే తప్పు తీర్పే వస్తది. ఎండలో దూరం నడిపించి తెస్తే కండరాల ఎంజైములు పెరుగుతయి, బెదిరితే కార్టిసాల్, చక్కెర పెరుగుతయి. రక్తం సీసా ఎండలో ఆలస్యమైతే కణాలు సీసాలోనే పగిలి లెక్కలన్నీ మారిపోతయి.

పెద్దబాపు: హైదరాబాద్‌ల పెద్ద సంస్థలున్నయి కదా.

బిడ్డ: ఉన్నయి. పశు జీవసాంకేతికం కోసమే 2010లో జాతీయ సంస్థ పెట్టిండ్రు. కాని మల్లాపూర్ బర్రె ఆరోగ్యంగా ఉన్నప్పుడు దాని రక్తం ఎట్లుంటదో మల్లాపూర్‌లోనే కొలవాలె. దానికి రోగమున్న పసువు కాదు, మంచి పసువు కావాలె. వానకాలం, యాసంగి, ఎండకాలం, చూడి, ఈత, ఎండుడు, అన్ని దశల్లో. మంచి పసువును ఎంచి చూపించగలిగేది నువ్వే. మా హద్దులకు పునాది నీ కన్ను. ఇది నేను మర్యాద కోసం చెప్తున్నది కాదు. మంచి పసువును తప్పుగా ఎంచితే మేము కట్టే లెక్క అంతా తప్పే.

పెద్దబాపు: నా మంచి బర్రెకు సూది గుచ్చనిస్త. కాని నా షరతులు విను. ఒకటి, రక్తం తీసుకపోయినోళ్ళు జవాబు తెలుగుల రాసి ఇయ్యాలె, పసువు సచ్చినంక కాదు, పని చేసేటి యాళ్ళకు ఇయ్యాలె. రెండు, జవాబుతోని పాటు ఏం చెయ్యాలెనో చెప్పాలె. చేసేదేం లేకుంటె ఆ పరీక్ష నా పసువు మీద చెయ్యద్దు. మూడు, పరీక్ష పేరు మీద డాక్టర్ పోస్టులు ఖాళీ పెట్టద్దు.

బిడ్డ: మొదటి రెండూ ఒప్పుకుంటున్న, అవి మా వృత్తి ధర్మం. రెండోదానికి చిన్న సవరణ. ముసర లెక్కల్లో ఆ ఒక్క పసువుకు ఒరిగింది ఏం లేదు, కాని దేశానికి ఒరిగింది. అట్లాంటి పరీక్షకు సర్కారు ఖర్చు పెట్టాలె, రైతు కాదు.

పెద్దబాపు: అట్లయితె సరే. మూడోది?

బిడ్డ: మూడోదాంట్లో నువ్వూ నేనూ ఒకే పక్క. రక్తం సాక్ష్యం చెప్తది, వైద్యం చెయ్యదు. చేతులు లేని చోట సాక్ష్యం వృథా.

పెద్దబాపు: ఇంకా నాకు పరీక్ష కంటె మేతనే ముందు. అది మార్చుకోను. కాని ఊరి డబ్బా పాలకు నీలి ఉంగరం పరీక్ష నెలనెలా పెట్టాలె అన్నది ఒప్పుకుంట. పాల సంఘంల ఆ మాట నేను లేవడ్త. ఈసుడు రోగం తేలిన ఆవుకు పరిహారం ఇయ్యాలని మండల సభల అడుగుత. అంగడికి తోలకుంట ఆ రైతును ఆపాల్నంటె నీ కాగితం చాలది, నా మాట చాలది, పైసలు గావాలె.

బిడ్డ: ఎన్ని పసువులకు పరిహారం కావాల్నో లెక్క లేకుండా అడిగితే సర్కారు వినదు పెద్దబాపూ. ఆ లెక్క నేను తెస్త. అడిగేటప్పుడు నేను నీ పక్కన నిలబడ్త.